దుఖాన్ బొడ్రాయి

మొన్న గురువారం ఆఫీసులో ఉండగా ఇండియా నుంచి తెలియని నంబరు మోగింది. ఎత్తగానే అవతలి మనిషి, "కాకినాడ సారేనా?" అని అడిగాడు. నాకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. ఇక్కడి ఐడీ కార్డులో తప్పుగా కొట్టిన పేరు ఇంకొకటుంది. కాకినాడ సారు అని మాత్రం ఈ భూమ్మీద నన్ను పిలిచినవాడు ఒక్కడే. అందుకే ఔనని చెప్పేలోపలే నాకు విషయం సగం తెలిసిపోయింది.

"కాక పోయిండు సారు. పొద్దుగాల, నిద్రల్నే. మీరెప్పుడు బయలెల్తున్నరు?"

ఆఖరి ప్రశ్న నాకు అర్థం కాలేదు. దోహాలో కూర్చుని కాగితాలు చూసుకునేవాణ్ణి, జగిత్యాల దగ్గర పల్లెటూరికి ఎందుకు బయల్దేరతాను? చుట్టాన్నా, పక్కాన్నా? చూస్తానండీ అని గొణిగి పెట్టేశాను. ఏడవాల్సిన వార్తే. కానీ కాక గుర్తొస్తే నాకు ముందు నవ్వొస్తుంది. ఆ రోజూ అదే జరిగింది. పక్క సీటు ఫిలిప్పీన్స్ అమ్మాయి, ఏమిటంత మంచి కబురు అని అడిగింది.

జగిత్యాల వైపు బాబాయిని కాక అంటారు. మా కంపెనీలో లేబర్ బస్సు నడిపే ఆయన్ని తెలుగువాళ్ళందరం కాక అనేవాళ్ళం. కొన్నాళ్ళకి నేపాలీలు, బెంగాలీలు కూడా కాక అనడం మొదలుపెట్టారు. బర్వా అల్ బరాహా క్యాంపులో అరవైమందిని పొద్దున్నే ఎక్కించుకుని లుసైల్ సైటులో దింపడం, సాయంత్రం మళ్ళీ తెచ్చి క్యాంపులో పడెయ్యడం ఆయన డ్యూటీ. చమురు, గ్యాసు డబ్బు దేశమంతా పొంగిపొర్లుతున్న రోజులవి. లుసైల్‌లో మొన్న ఇసుకదిబ్బ ఉన్నచోట ఇవాళ పునాది, ఎల్లుండికి పదో అంతస్తు. నేను సైటు ఆఫీసులో డాక్యుమెంట్ కంట్రోలర్ని, అంటే ఇంజినీర్లు రాసిన కాగితాలకి నంబర్లు వేసేవాణ్ణి. అల్ మన్సూరాలో రెండు గదుల ఫ్లాటు, నేను, మా ఆవిడ. ఆఫీసు స్టాఫంతా సొంత కార్లలో వచ్చేవారు. నేను మాత్రం లేబర్ బస్సులో వెళ్ళేవాణ్ణి, ఎందుకంటే ఇక్కడి డ్రైవింగు టెస్టు నాలుగుసార్లు తప్పాను. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని మన్సూరా సిగ్నల్ దగ్గర నిలబడితే కాక బస్సు ఆపి తలుపు తీసేవాడు.

"లైసెన్సు?"

"మాఫీ."

"యల్లా, ఎక్కు."

మాఫీ అంటే ఇక్కడి అరబ్బీలో లేదని, యల్లా అంటే పదమని. మూడేళ్ళపాటు ప్రతిరోజూ ఇదే సంభాషణ, ప్రతిరోజూ అరవైమంది నవ్వు. మొదట్లో ఒళ్ళు మండేది. పోనుపోను, శుక్రవారం సెలవునాడు ఆ ప్రశ్న ఎవరూ అడక్కపోతే ఏదో వెలితిగా ఉండేది.

కాక రెండు చేతులకీ రెండు వాచీలు పెట్టుకునేవాడు. ఎడమచేతిది ఖతార్ టైము. కుడిచేతిది ఊరి టైము, రెండున్నర గంటలు ముందు. వాటికి డ్యూటీ చెయ్యి, ఇంటి చెయ్యి అని పేర్లు. టైమెంత కాకా అంటే "ఏ టైము గావాలె?" అని ఎదురడిగేవాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా కుడి మణికట్టు చూసుకుని, ఇప్పుడు మా ఇంట్ల బర్రెకు నీళ్ళు వెడ్తాంది, ఇప్పుడు సీరియల్ అయితాంది, ఫోను చేసినా ఎత్తది అని భార్య దినచర్య చెప్పేవాడు. డ్యూటీ వాచీ ఎన్నిసార్లు ఆగిపోయినా పట్టించుకునేవాడు కాదు. ఇంటి వాచీ ఒకసారి ఐదు నిమిషాలు వెనకబడితే మాత్రం భోజనం మానేసి బాగుచేసేవాడి దగ్గరికి పరిగెత్తాడు. రోడ్డు మీద స్పీడు కెమెరా వస్తే వేగం తగ్గించి, తువ్వాలతో మొహం తుడుచుకుని, తల దువ్వుకునేవాడు. ఫోటో దిగితే మంచిగ దిగాలె గదా అని ఆయన వాదన. బస్సు పట్టిన పన్నెండేళ్ళలో ఆయనకి ఒక్క ఫైను కూడా పడలేదు. కెమెరాలు తనని చూసి సిగ్గుపడుతున్నాయని చెప్పేవాడు.

క్యాంపు బాసు శుక్రవారాలు బజారు పనికి బస్సు ఇచ్చేవాడు. కాక లెక్కలో ఆ బజారు ఖతార్ పడమటి ఒడ్డు దాకా ఉండేది. నెలకోసారి జనాన్ని ఎక్కించుకుని ఎనభై కిలోమీటర్ల అవతల దుఖాన్ దాకా తీసుకుపోయి, దారిపొడుగునా వింతలు చూపించేవాడు. వింతలన్నిటికీ వ్యాఖ్యానం ఆయన సొంతం. జెక్రీత్ దగ్గర గాలి తొలిచిన గొడుగుల్లాంటి రాళ్ళుంటాయి. అవి ఒంటెల బస్టాండులట. అక్కడే ఏదో షూటింగు కోసం కట్టి వదిలేసిన ఊరొకటుంది, కోటగోడతో, మేడతో సహా. అది చూపించి, "ఇండ్లు కట్టిండ్రు, ఉండనీకి మనుషుల్లేరు. మా మండలం గిట్లనే ఉంటది" అనేవాడు. ఎడారి మధ్యలో ఎవరో పెద్ద కళాకారుడు నాలుగు ఇనుప పలకల్ని తాటిచెట్టంత ఎత్తున నిలబెట్టాడు. విదేశాల వాళ్ళు వచ్చి వాటి ముందు మౌనంగా నిలబడతారు. కాక మాత్రం షట్టరింగు బిగించి కాంక్రీటు పొయ్యకుండా పారిపోయిన కాంట్రాక్టరు పని అది అని తేల్చేశాడు. మా వాళ్ళంతా ఇరవయ్యేళ్ళు షట్టరింగు పని చేసినవాళ్ళు. చుట్టూ తిరిగి చూసి, నిజమే, సపోర్టులు కూడా పెట్టలేదు అని విచారించారు.

వీటన్నిటి చివర దుఖాన్ బావి. ఈ దేశంలో మొదట చమురు పడ్డ బావుల్లో ఒకటి అది. చుట్టూ ఇనపకంచె, లోపల రాతిదిమ్మె, దాని మీద ఇత్తడి పలక. పెద్ద యుద్ధం వచ్చినప్పుడు శత్రువుల చేతికి చిక్కకూడదని బావిలో సిమెంటు పోసి మూసేశారనీ, యుద్ధం అయ్యాక మళ్ళీ పని మొదలైందనీ దాని మీద రాసి ఉంది. కాక చేతిలో పడి ఆ యుద్ధం నెలకో రకంగా జరిగేది. ఒకసారి జర్మనోళ్ళు ఒంటెల మీద వచ్చారు. ఇంకోసారి జపానోళ్ళు ఈదుకుంటూ వచ్చారు. ఒకసారి మరీ ఊపులో రజాకార్లు కూడా వచ్చారు. మారనిది ఒక్కటే, సిమెంటు బస్తాలు మోసింది మనవాళ్ళే. నేను ఉండబట్టలేక పలక చదివి వినిపించి, ఇందులో అలా లేదని చెప్పాను.

"సిమెంటు పోసినోళ్ళ పేర్లు రాసిండ్రా?"

"లేవు."

"మేస్త్రి పేరన్న?"

"లేదు కాకా."

"గదే మరి. అందుల అంత రాయలే సారు" అని బస్సెక్కేశాడు. ఆయనతో వాదించి గెలిచినవాణ్ణి నేను చూడలేదు.

ఆ ఏడాదే కాక ఊళ్ళో బొడ్రాయి ప్రతిష్ఠ పెట్టుకున్నారు. ఊరి నడిమధ్యన పాతే రాయి అది, ఊరికి బొడ్డు. పాత రాయి ఎప్పుడో రోడ్డు వేసినప్పుడు విరిగిందట. కొత్తది నిలబెట్టే రోజున ఊరి మనుషులంతా ఊళ్ళోనే ఉండాలి. పెళ్ళి చేసి పంపిన ఆడపిల్లల్ని కూడా పిలుస్తారు. పొలిమేర కట్టేస్తారు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు, లోపలివాళ్ళు బయటికి పోకూడదు. ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి రాయి మీద పోస్తారు. ఇవన్నీ కాక చెబితేనే నాకు తెలిసింది. మా వైపు నేనెప్పుడూ చూడలేదు.

సెలవు కావాలని ఆయన తరఫున ఫారం నింపింది నేనే. లుసైల్‌లో పని నెత్తి మీదికొచ్చింది, డ్రైవర్లు చాలడం లేదు, ఎవరికీ సెలవు లేదని మూడో రోజు తిప్పి పంపారు. దానికి నంబరు వేసి ఫైల్లో పెట్టింది కూడా నేనే. ఆ సాయంత్రం బస్సులో కాక ఏ వాచీ చూసుకోలేదు. నన్ను మన్సూరాలో దింపుతూ ఇంజను ఆపేశాడు. అంతకుముందు ఎప్పుడూ ఆపలేదు.

"రేషన్ కార్డుల పేరు తీసేసిండ్రు సారు, మనిషి ఊర్ల లేడని. ఓటు లిస్టుల తీసేసిండ్రు. నా మనుమరాలు ఫోన్ల సూసి, దుబాయ్ తాత ఎవలకు తాత అని అడుగుతాంది. ఇగ బొడ్రాయి కాడ గూడ లేకపోతే నేను ఏ ఊరోన్ని? నువ్వు సదువుకున్నోనివి, చెప్పు."

ఇరవై రెండేళ్ళు ఒక మనిషి ఊరి కోసం బతుకుతూ ఊళ్ళో లేకుండా పోవడం అనే దానికి ఏ నంబరు వెయ్యాలో నాకు తెలియదు. చాలా బాధేసింది. ఇంటికెళ్ళి మా ఆవిడకి చెబితే ఆవిడా తినే కంచం పక్కన పెట్టేసింది.

కానీ కాక దిగులు రెండు రోజులకి మించి నిలిచే రకం కాదు. మూడోనాడు నేను బస్సెక్కగానే లైసెన్సు సంగతి కూడా అడగకుండా, రాయి దొరికిందన్నాడు. "ఈ దేశానికి బొడ్రాయి ఏది సారు? దుఖాన్ల బావే గదా. ఈ నూనె ఎల్లకపోతే లుసైల్ లేదు, క్యాంప్ లేదు, నువ్వు లేవు, నేను లేను. ఆడ నీళ్ళు పోస్తే ఊర్ల పోసినట్టే. నేను ఊర్ల పెద్దమనుషులను అడిగిన. సరే అన్నరు." ఊరి పెద్దలు ఒక షరతు పెట్టారట. సరిగ్గా ముహూర్తానికి దుబాయోళ్ళంతా ఒకచోట ఉండి, ఫోన్లో హాజరు చెప్పాలి. ఆ ఊళ్ళో ఖతార్ అయినా, కువైట్ అయినా దుబాయే.

ముహూర్తం శుక్రవారం పడింది. ఊరి టైము పది నలభై, ఇక్కడ ఎనిమిదీ పది. ఆ ఊరివాళ్ళు పదకొండుమంది, పక్క మండలాలవాళ్ళు తోడుగా ఇంకో పది. ఇంగ్లీషు అవసరం పడొచ్చని నన్ను కూడా లాక్కెళ్ళాడు. బజారు పేరుతో తీసుకున్న బస్సు దుఖాన్‌లో దొరికితే డ్రైవరు ఉద్యోగం ఊడుతుందని చెప్పి చూశాను. కాక కుడిచేతి వాచీ చూపించాడు. మా ఆవిడ ఇరవైమందికి సరిపడా చింతపండు పులిహోర చేసి పెద్ద గిన్నెతో ఇచ్చింది. ఇంత మంది వెళ్తూ ఉత్త చేతుల్తో ఏం వెళ్తారు అంది.

దారిలో కాక నియమాలు చెప్పాడు. ఇది మన దేశం కాదు. కొబ్బరికాయ మాఫీ, పసుపు మాఫీ, కుంకుమ మాఫీ. ఉత్త నీళ్ళు. ఒకతను జేబులోంచి పసుపు పొట్లం తీస్తే దాన్ని లాక్కుని స్టీరింగు కింద దాచేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

తీరా బావి దగ్గరికి చేరాక ఫోనుకి సిగ్నల్ లేదు. పదకొండుమంది పదకొండు ఫోన్లు ఆకాశంలోకి ఎత్తి తిరిగారు. ఎనిమిదింటికి కాక చెప్పులు విప్పి, బస్సు వెనక నిచ్చెన పట్టుకుని పైకెక్కాడు. టాపు మీద నిలబడితే రెండు గీతలు దొరికాయి. అవతల డప్పులు, ఇవతల గాలి. ఊళ్ళో ఎవరో ఇంటిపేర్లతో సహా చదువుతుంటే కాక పైనుంచి ఒక్కొక్కరి పేరు అరిచేవాడు. కింద ఆ మనిషి చెయ్యెత్తేవాడు. "ఉన్నడు, రాసుకో" అని కాక ఫోన్లో చెప్పేవాడు. నలభై ఏళ్ళ మేస్త్రులు బడిపిల్లల్లా నిక్కి నిక్కి చేతులెత్తారు. తన పేరు వచ్చినప్పుడు కాక కూడా టాపు మీద చెయ్యెత్తాడు, చూసేవాడు ఎవడూ లేకపోయినా. ఉన్న అని గట్టిగా అన్నాడు.

పదకొండూ అయ్యాయి. ఇంకెవరన్నా ఉన్నారా అని అటు అడిగారు. కాక కిందికి చూశాడు. గిన్నె పక్కన నిలబడి నేనున్నాను.

"ఇంగొకలున్నరు. రాసుకో. కాకినాడ సారు."

ఏ ఇల్లని అడిగినట్టున్నారు.

"మా ఇంటి కింద రాసుకో."

నేను వద్దని చేతులూపాను. అది కూడా చెయ్యెత్తినట్టే లెక్క వేసుకున్నాడు. అంతలో ఇంటి వాచీలో పది నలభై అయింది. పొయ్యుండ్రి అని పైనుంచి కేక వేశాడు. ఇరవైమంది ఇరవై సీసాలు ఎత్తి రాతిదిమ్మె మీద నీళ్ళు పోశారు. నేనూ ఒక సీసా పోశాను, పక్కవాడు చేతిలో పెడితే కాదనలేక.

సరిగ్గా అప్పుడే సెక్యూరిటీ జీపు వచ్చింది. దిగినవాడు నేపాలీ గార్డు. టాపు మీద వట్టికాళ్ళతో ఒకడు, కింద తడిసిన స్మారకం, చుట్టూ ఖాళీ సీసాలతో ఇరవైమంది. "క్యా హో రహా హై?" అన్నాడు. అందరూ నావైపు చూశారు. కాకినాడలో నేను చదివిన చదువంతా, వచ్చిన ఇంగ్లీషంతా ఆ క్షణంలో ఎటో పోయింది. నోట్లోంచి ఒకే మాట వచ్చింది.

"సఫాయీ."

గార్డు తలూపాడు. చాలా మంచిది అన్నాడు. ఏళ్ళ తరబడి ఇక్కడ ఇసుక పేరుకుంటోందనీ, ఎంత మొత్తుకున్నా ఎవరూ మనుషుల్ని పంపడం లేదనీ చెప్పాడు. జీపులోంచి కుర్చీ తీసి వేసుకుని కూర్చుని, కంచె చూపించి, ఉధర్ భీ, అటు కూడా అన్నాడు.

రెండు గంటలు కడిగాం. తువ్వాళ్ళతో కంచె తుడిచాం, బస్సు చీపురుతో ఇసుక ఊడ్చాం. ఇత్తడి పలక నల్లబడి ఉందని, చింతపండుంటే మెరిపిస్తానని ఒక మేస్త్రి అన్నాడు. చింతపండు లేదు, పులిహోర ఉంది. అందరం తిన్నాక గిన్నె అడుగున మిగిలిన ముద్దతో అతను పలకని తోమడం మొదలుపెట్టాడు. కాక దగ్గరికొచ్చి చూసి ఆగిపోయాడు. పులిహోరలో పసుపుంటుంది కదా. యుద్ధం పలక నిండా పచ్చగా పసుపు. వద్దు వద్దన్న పసుపు గార్డు కళ్ళెదుటే, గార్డు మెచ్చుకుంటుండగా రాయికి పట్టింది. కాక తువ్వాల భుజం మీంచి తీసి, రెండు చేతులూ వాచీలతో సహా జోడించాడు. తరవాత ఆయనే శుభ్రంగా తుడిచేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు నేను కోపంగానే ఉన్నాను. నన్నెందుకు రాయించావు, నేను మీ ఊరివాణ్ణి కాదు, మీ ఇంటివాణ్ణి అంతకంటే కాదు అన్నాను. కాక కెమెరా కోసం తల దువ్వుకుంటూ, "నీకు లైసెన్సు లేదు, సొంత బండి లేదు. ఊరన్న ఉండనియ్యి సారు" అన్నాడు.

మేం కడగడం మొదలెట్టగానే గార్డు తీసిన ఫోటో ఎవరెవరి చేతులో మారి మా కంపెనీకి మెప్పు ఉత్తరంగా వచ్చింది. చరిత్ర మీద కార్మికులకున్న గౌరవాన్ని పొగుడుతూ రాశారు. మేనేజరు దాన్ని ఫ్రేము కట్టించాడు. టాపు మీద కాక పాదాలు కూడా పడ్డాయి అందులో. ఇకమీదట నెలకో శుక్రవారం కాక మనుషుల్ని తీసుకుని దుఖాన్ వెళ్ళి సఫాయీ చెయ్యాలని ఆర్డరు వేశారు. దానికి నంబరు వేసింది నేనే. సెలవు అడిగితే ఇవ్వలేదు, బస్సు అడక్కుండానే ఇచ్చారు, యల్లా అని కాక నవ్వాడు.

రెండేళ్ళ కిందట ఆయన శాశ్వతంగా ఊరెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు డ్యూటీ చేతి వాచీ విప్పి బస్సు అద్దానికి కట్టిపోయాడు. ఆ తరవాత నాకు లైసెన్సు వచ్చింది, ఏడోసారి. ఆ కబురు ఫోను చేసి చెబితే నమ్మలేదు. ఫోటో పంపితే, ఇది ఫోటోషాపు అన్నాడు.

మొన్న గురువారం సాయంత్రం ఆ తెలియని నంబరుకి నేనే తిరిగి చేశాను. ఆయన ఊరి కమిటీలో పుస్తకం రాసే మనిషి. నన్నెందుకు బయల్దేరమన్నారని అడిగాను. పేజీ తిరగేసిన చప్పుడైంది. బొడ్రాయి నాడు రాసిన లిస్టులో కాక ఇంటి కింద, కాక పేరు తీసేస్తే, నాలుగు పేర్లున్నాయట. మూడు పేర్ల మనుషులు అక్కడే ఉన్నారు, నాలుగోది నాది. ఇంటి మనిషి పోతే ఇంటివాళ్ళందరికీ చెప్పాలి కదా సారు అన్నాడు. సెలవు దొరకడం కష్టమని ఎలాగో చెప్పాను.

"రాకున్నా ఏం గాదు సారు. కాక చెప్పేటోడు. మీకు ఆడ రాయి ఉన్నదట గదా."

మర్నాడు శుక్రవారం మా ఆవిణ్ణి ఎక్కించుకుని, డిక్కీలో నీళ్ళ క్యాను పెట్టుకుని దుఖాన్ వెళ్ళాను. రాతిదిమ్మె మీద నీళ్ళు పోశాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. వెనక జీపు ఆగింది. గార్డు కొత్తవాడు, ఏం చేస్తున్నావని అడిగాడు. కళ్ళు తుడుచుకుని సఫాయీ అన్నాను. ఏ కంపెనీ అన్నాడు.

కాక ఊరి పేరు చెప్పాను. అలాంటి కంపెనీ ఎప్పుడూ వినలేదన్నాడు. చాలా పాతది, నేను అందులోనే ఉన్నాను అని చెప్పి, అతను చూపించకముందే కంచె కడగడం మొదలుపెట్టాను.